ఊడని కుబుసం

తేమ మీటరు ముల్లు ఇరవై దగ్గర ఆగిపోయింది. అరవై ఉండాలి.

నెరిడా గాజుపెట్టెలో మళ్ళీ నీళ్ళు చిమ్మింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. ఆస్ట్రేలియాలోని ఆ క్లోన్‌కరీ ఊరి ఎండలో తడిచొక్కా తీగ మీద ఆరేసి వెనక్కి తిరిగేలోపే ఆరిపోతుంది. ఇక గాజుపెట్టెలో తేమ ఎంతసేపు నిలుస్తుంది?

పెట్టెలో ఉన్నది పెర్ల్. ఐదడుగుల ఆలివ్ కొండచిలువ. ఒళ్ళంతా ఒకటే గోధుమరంగు, మచ్చా లేదు, చారా లేదు. చనిపోయిన అత్తగారు గుడ్డు నుంచి పొదిగించి పెంచింది. ఇప్పుడు మామగారు డెస్‌కి పంచప్రాణాలూ దాని మీదే. తుంటి ఆపరేషన్‌కి టౌన్స్‌విల్ వెళ్తూ ఆయన దాన్ని కోడలికి అప్పజెప్పాడు. ఇష్టంగా కాదు. కొడుకు గ్రెగ్ రెండు వారాలు గనిలో డ్యూటీకి పోయాడు, మరో దిక్కు లేక.

"కుబుసం విడిచే రోజులు. కళ్ళు అప్పుడే పాలలా మసకబారాయి చూడు," అన్నాడు. "గాలి పొడిగా ఉంటే కుబుసం ముక్కలై ఒంటికే అతుక్కుపోతుంది. కంటి మీద పొర ఉండిపోయిందా, చూపు పోయినట్టే. ఒకసారి మీ ఆయన్ని నమ్మితే దీని తోడుది గుడ్డిదై చచ్చింది. మీ అత్తయ్య పెంచినవాటిలో మిగిలింది ఇదొక్కటే."

"నాకొదిలెయ్యండి మామయ్యా," అంది నెరిడా. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన ఆమెను నమ్మి చెప్పిన మొదటి పని అది.

మూడో రోజే కొంప మునిగినంత పనయింది. నీళ్ళు చిమ్మాక మూత సరిగ్గా వేయలేదు. టీ తాగి వచ్చేసరికి పెట్టె ఖాళీ. మంచాల కిందా, బూట్లలోనూ, ఇల్లంతా గాలించింది. గంట తర్వాత లాండ్రీలో, తడి తువ్వాళ్ళ మధ్య చుట్టచుట్టుకుని కనిపించింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఈ ఊళ్ళో అందరూ చేసినట్టే దిండు గలీబు దాని మీద పడేసి, ఒడిసిపట్టి, తెచ్చి పెట్టెలో వదిలింది. తేమ వెతుక్కుంటూ పోయింది పాపం, అనుకుంది.

మామగారికి మాత్రం చెప్పలేదు.

సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. "కళ్ళెలా ఉన్నాయి?"

"మసక పోయింది మామయ్యా. నిగనిగలాడుతున్నాయి."

"భేష్! అలా తేటపడ్డాక మూడు నాలుగు రోజుల్లో విడిచేస్తుంది. తేమ మాత్రం తగ్గనీకు."

తగ్గనివ్వలేదు. ప్లాస్టిక్ డబ్బాలో తడి నాచు పెట్టింది. మూత మీద సగం దాకా తడిగుడ్డ కప్పింది. గాలి ఆరిపోతుందని ఏసీ కట్టేసి తను ఉడికిపోయింది. ముల్లు అరవైకి ఎక్కింది, అక్కడే నిలిచింది.

నాలుగు రోజులు పోయాయి. ఐదు. ఆరు. కుబుసం జాడ లేదు. ఎలుకను పెడితే ముట్టలేదు. చెయ్యి దగ్గరికొస్తే మెడ పలకలా చేసి బుసకొట్టింది. ఒకసారి గాజుకేసి టప్పున కొట్టింది. ఆ చప్పుడుకి నెరిడా చేతిలో సీసా కింద పడింది.

కంచె అవతలి నుంచి పక్కింటి బెవ్ పిలిచింది. "ఆ కింగ్ బ్రౌన్ పాము ఇంకా దొరకలేదే అమ్మాయ్. పోయిన వారం మా కుక్క బస్టర్‌ని కాటేస్తే అరగంట బతకలేదు, పాపం. అది మీ వైపుకే దూరింది, నా కళ్ళతో చూశా. తలుపులు మూసుకో."

"మా ఇంట్లో ఒక పాము చాలదూ!" అని నవ్వింది నెరిడా. నవ్విందే గానీ, ఆ సాయంత్రమే తలుపుల సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కింది.

పదో రోజు డెస్ గొంతు మారిపోయింది.

"ఇంకా విడవలేదా? బుసకొట్టిందా? పెర్లా? పుట్టి బుద్ధెరిగాక అది బుసకొట్టింది లేదే! కుబుసం బిగుసుకుపోయిందమ్మాయ్. బాధకి అలా చేస్తోంది. ఇక ఆగకూడదు. గోరువెచ్చని నీళ్ళలో తువ్వాలు తడిపి, దాన్ని చుట్టి, ఒళ్ళో పెట్టుకుని మెల్లగా రుద్దు. పొర అంచు వేలికి తగులుతుంది. కళ్ళ దగ్గర మరీ జాగ్రత్త."

"కరిస్తే?"

"మీ అత్తయ్య దాన్ని మెళ్ళో వేసుకుని టీ కాచేది! కరిచినా కొండచిలువ కాటుకి ఎవరూ చావరు. నీ వల్ల కాదంటే చెప్పు, బెవ్‌ని పంపిస్తా."

"అక్కర్లేదు. నేనే చేస్తాను."

లాండ్రీ నేల మీద కూర్చుంది. తువ్వాలు చుట్టిన పాముని ఒళ్ళో పెట్టుకుని రుద్దసాగింది. లోపల అది బిగుసుకుంటూ, వదులవుతూ ఉంది. చర్మం నున్నగా ఉంది. ఎక్కడా అంచు తగల్లేదు. తోక దాకా వెళ్ళింది, మళ్ళీ మొదటికొచ్చింది. ఒక్క పొరా రాలేదు. భయంతో ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆలస్యం చేశానా? గుడ్డిదైపోతుందా?

తువ్వాలు మడత తొలగించి తల బయటికి తీసింది. బొటనవేలు మెల్లగా దాని కన్ను మీదికి తెచ్చింది.

"కదలకు పెర్ల్. కదలకు బంగారం."

అప్పుడు వాషింగ్ మెషీన్ వెనక ఎండుటాకులు కదిలినట్టు గరగరమని చప్పుడై, ఒళ్ళంతా ముక్కలు ముక్కలుగా అతుక్కుపోయిన కుబుసంతో, పాలలా మసకబారిన కళ్ళతో, గోడ తడుముకుంటూ పెర్ల్ బయటికి వచ్చింది.