క్లచ్చూ కచ్చా

జీపులోంచి క్లచ్చు తీసేయడం యేసయ్యకు ఒక పూట పని. బిక్షం మనసులోంచి కచ్చ తీసేయడం ఎనిమిదేళ్లయినా తెమలని పని.

రెండోది చేయడానికే మొదటిది మొదలుపెట్టాడు.

ఎనిమిదేళ్ల కిందట ఇద్దరిదీ ఒకే షిఫ్టు. యేసయ్య గని వర్క్‌షాపులో మెకానిక్కు, బిక్షం జీపు డ్రైవరు. ఓ రోజు జీపు కింద యేసయ్య పెట్టిన జాకీ జారింది. పక్కనే కూర్చుని నట్లు అందిస్తున్న బిక్షం ఎడమకాలి మీద బండి దిగింది. ఎముక అతికింది. మోకాలి కింద స్పర్శ మాత్రం రాలేదన్నాడు. యేసయ్యే అతణ్ణి భుజాన మోసుకెళ్లి మెడికల్ బోర్డు ముందు నిలబెట్టి, తప్పంతా నాదేనని దండం పెట్టి చెప్పాడు. బిక్షం అన్‌ఫిట్ అయ్యాడు. గని రివాజు ప్రకారం అతని బదులు కొడుకు రుత్విక్‌ను డ్యూటీలోకి తీసుకున్నారు.

కొడుకు చేతికి కొలువొచ్చింది. తండ్రి చేతికి కట్టె వచ్చింది.

జాకీ ఒక్కసారే జారింది. యేసయ్య ఆ రోజు నుంచి జారుతూనే ఉన్నాడు. ఆదివారం చర్చి నుంచి నేరుగా సెంటినరీ కాలనీలో బిక్షం ఇంటికి పోయి కాలికి నూనె రాసేవాడు. నూనె కాస్త వేడెక్కువైతే బిక్షం కసురుకునేవాడు. దవాఖానకైనా, పొలానికైనా యేసయ్య స్కూటరే. జాకీని మాత్రం మళ్లీ ముట్టలేదు. బండి లేపాలంటే ఇప్పటికీ ఇటుకలు పేరుస్తాడు.

నూనె రాయించుకుంటూ బిక్షం అనే మాట ఒక్కటే.

"నమ్మిన దోస్తువే నిండ ముంచినవ్ తమ్మీ. నా చేతుల మల్ల స్టీరింగు పడ్డనాడు నీ ఇంటికొచ్చి బువ్వ తింట. గప్పటిదాంక నువ్వెవ్వలో, నేనెవ్వలో."

అందుకే యేసయ్య రిటైరవగానే, బిక్షం ఇంటి ముందు తుప్పు పడుతున్న అతని సొంత పాత డీజిల్ జీపును తన వాకిట్లోకి తోయించాడు. ఎడమకాలితో పని లేకుండా నడవాలంటే క్లచ్చు ఉండకూడదు. ఎక్కడో గుద్దుకున్న బండిలోంచి ఆటోమేటిక్ గేరుబాక్సు సంపాదించాడు. ఇక కావలసింది ఇంజన్‌కూ గేరుబాక్సుకూ నడుమ కూర్చునే టార్క్ కన్వర్టర్.

అది క్లచ్చుకు సవతి. గుమ్మడికాయంత ఇనుప డొల్ల. లోపల ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు, నడుమ నూనె. ఇంజన్ ఒక ఫ్యానును తిప్పితే, ఆ నూనె రెండోదాన్ని తిప్పుతుంది. ఒకదాన్నొకటి ముట్టుకోవు. అయినా కలిసే తిరుగుతాయి. అచ్చం మా ఇద్దరిలాగే, అనుకున్నాడు యేసయ్య.

బసంత్‌నగర్‌లో లారీల తుక్కు దుకాణంలో రెండు దొరికాయి. గేరుబాక్సు షాఫ్టుకు రెండూ సరిపోయాయి. ఒకటి పెట్రోలు కారుది. అద్దంలా మెరుస్తోంది. ఇంజన్ నిమిషానికి రెండున్నర వేల చుట్లు తిరిగితే గాని పట్టు అందుకోనిది. రెండోది డీజిల్ బండిది. నల్లగా, మొద్దుగా ఉంది. పద్దెనిమిది వందలకే పట్టేస్తుంది. దుకాణదారు మెరిసేదాన్నే ముందుకు తోశాడు. యేసయ్య వారం రోజులు తర్జనభర్జన పడ్డాడు. డీజిల్ ఇంజన్ బలమంతా తక్కువ చుట్లలోనే ఉంటుంది. మెరిసేది పెడితే అరుపే తప్ప నడక ఉండదు. అన్న అసలే ఒంటికాలి మనిషి, బెదిరిపోతాడు. నల్లదాన్నే భుజానికెత్తుకున్నాడు.

దాన్ని చూడగానే యేసయ్య భార్య సత్యవతి ముఖం మాడ్చుకుంది.

"అది టార్క్ కన్వర్టర్ కాదు, టార్చర్ కన్వర్టర్. ఆయన ఇంట్ల టార్చరంత మనింట్లకు కన్వర్ట్ చేస్తున్నవ్."

"ఒక్కపారి ఆయనను తోలనియ్యే. ఎనిమిదేండ్ల బరువు దిగుతది నాకు."

రెండు నెలలు పట్టింది. కుడికాలు ఎటు వేసినా దొరకాలని బ్రేకు పెడల్‌ను రెట్టింపు వెడల్పు చేశాడు. అది పాత క్లచ్చు ఉన్నచోటి దాకా సాగింది.

ఆదివారం మధ్యాహ్నం బిక్షం కట్టెను వెనక సీట్లో పడేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. యేసయ్య అతని ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఓ మూలకు చేర్చాడు.

"గది గట్లనే ఉండనియ్యి అన్నా. ఇండ్ల గేరు లేదు, గీరు లేదు. అంత కుడికాలుతోనే."

"ముప్పై ఏండ్లు తోలిన. నాకు చెప్తవా?"

జీపు వెన్నలా కదిలింది. ఇంజన్ అరవలేదు, బండి గుంజలేదు. కాలనీ వీధులు రెండు తిరిగేసరికి బిక్షం ముఖంలో ఎనిమిదేళ్లుగా కనబడని నవ్వు కనబడింది. మూడో వీధి దగ్గర యేసయ్య ఇంటి వైపు స్టీరింగు తిప్పాడు.

"సత్యవతికి ఫోన్ చెయ్యి తమ్మీ. బువ్వకు వస్తున్నమని చెప్పు."

యేసయ్య కళ్లు తుడుచుకున్నాడు. పొద్దున సణుక్కుంటూనే సత్యవతి మటన్ పొయ్యి మీద పెట్టిన సంగతి చెప్పబోయాడు.

మలుపులోంచి మేకల మంద అడ్డం పడింది. జీపు ఉన్నచోటే నిలబడిపోయింది. బంపరుకు జానెడు దూరంలో ఓ మేక వీళ్ల వంక చూసి తాపీగా నడిచిపోయింది.

బ్రేకు పట్టినందుకు యేసయ్య లోలోపల స్తోత్రం చెప్పుకున్నాడు. అంతలో మెకానిక్కు చెవి నిక్కబొడుచుకుంది. బండి ఆగింది గాని ఇంజన్ తగ్గలేదు. కన్వర్టర్ పట్టేచోట, సరిగ్గా పద్దెనిమిది వందల దగ్గర, ఆగి గర్జిస్తోంది. బ్రేకు తొక్కాలంటే కుడికాలు యాక్సిలరేటర్‌ను వదలాలి గదా. వదిలాక కూడా అరుస్తోందంటే వైరు ఇరుక్కుందన్నమాట. పని తప్పుగా చేశానా అని యేసయ్య గుండె జారింది.

వంగి పెడల్స్ వైపు చూశాడు.

కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. వెడల్పు బ్రేకును నేలకంటా తొక్కిపట్టింది, ఎనిమిదేళ్లుగా తను నూనె రాస్తున్న ఎడమకాలు.