మూడో పీపా

"దయచేసి పైకి నడవండి. మెట్లు అటువైపు," అన్నాడు వైన్ తయారుచేసే టీలెన్ ముసలాయన.

కలోన్ నగరం నుంచి వచ్చిన టై కట్టుకున్న పెద్దమనిషి గ్లాసు కింద పెట్టి, నేలమాళిగ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆయన చేసిన పాపమల్లా, వైన్ గ్లాసు ముక్కు దాకా తీసుకెళ్ళకుండానే "ఆప్రికాట్, తేనె, తెల్లపూలు" అని అప్పజెప్పడం.

వెనకే వరసలో ఉన్న ఇన్సా ఒక అడుగు వెనక్కి వేసింది. సరిగ్గా ఆ మూడు మాటలే తనూ బట్టీ పట్టుకొచ్చింది మరి.

జర్మనీ ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున హూజుమ్ రేవులో ఆమెకు చిన్న చేపల హోటలుంది. ఆ తీరాన జనానికి తెలిసినవి టీ, బీరు, అంతే. పది రోజుల కిందటి దాకా వైన్ అంటే ఆమెకి ఖరీదైన పులుపు నీళ్ళు. చేపల పక్కన పెట్టడానికి నాలుగు రకాలు కొనుక్కుపోదామని కారేసుకుని, ద్రాక్షతోటలకు పేరుపడ్డ మోజెల్ నది వెంట బయలుదేరింది. మొదటి ఊళ్ళో ఒక విధవరాలు ఆమెను నిట్టనిలువు ద్రాక్షతోటలో పైదాకా పాకించి, రొప్పు తీరకముందే చేతిలో గ్లాసు పెట్టింది. ఇంకో ఊళ్ళో అన్నదమ్ములిద్దరు ఒకే రకం ద్రాక్ష వైన్‌ని, ఏటికి ఈ ఒడ్డున పండినదీ ఆ ఒడ్డున పండినదీ తాగించి, ఏది గొప్పదో తేల్చమని ఆమె ముందే పోట్లాడుకున్నారు. అయిదో ఇంటికొచ్చేసరికి ఆ పులుపు మీద ఆమెకి మోజు పుట్టింది. రొయ్యల పక్కకి మాత్రం టీలెన్ వైనే ఉండాలని, అయితే ఆయన అడిగినవాళ్ళందరికీ ఇవ్వడని అక్కడే చెప్పారు. ముందు వాసన చెప్పమంటాడట. అబద్ధమాడితే గెంటేస్తాడట.

"నువ్వు రా అమ్మాయ్," అన్నాడు టీలెన్.

పీపాల మీద సుద్దతో ఏవో రాసి ఉన్నాయి. ఎవరైనా ఏ ఏడాది పంటో, ఏ తోటదో రాసుకుంటారు. ఈయన మాత్రం 'పచ్చి యాపిల్ - పోస్ట్‌మాన్', 'చర్చి కొవ్వొత్తి - ఫాదర్' అని వచ్చినవాళ్ళ మాటలన్నీ పేర్లతో సహా ఎక్కించుకున్నాడు. పొగడ్తలంటే ఎంత ఇష్టమో పెద్దాయనకి, అనుకుంది ఇన్సా.

గాజు గొట్టంతో మొదటి పీపాలోంచి తీసి పోశాడు. ఆమె వాసన చూసింది. బట్టీ పట్టిన మాటలు నాలిక చివర్లోనే ఉన్నాయి. మింగేసింది. కోసిన నిమ్మకాయ, కాస్త ఉప్పుగాలి అంది. ఆయన సుద్దముక్కతో రాసుకుని ఆమె పేరడిగాడు.

రెండో పీపా దగ్గర ఆమె గ్లాసుని మళ్ళీ మళ్ళీ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఏమీ తెలియకపోతే తెలియదనే చెప్పు, ఫరవాలేదు."

"తెలుస్తోందండీ. మా బడికి పలకరాళ్ళ కప్పు ఉండేది. ఎండలో కాగి కాగి ఉన్న ఆ రాళ్ళ మీద మొదటి చినుకులు పడితే ఇదే వాసన."

చెప్పి తాగింది. రుచి చూసి ఉమ్మేయడానికి పక్కనే బకెట్ ఉందన్న సంగతి కూడా మరిచిపోయి మొత్తం మింగింది. కళ్ళు చెమర్చాయి. ఒక పానీయం తనని ఎనిమిదేళ్ళ పిల్లని చేసి బడి గుమ్మంలో నిలబెడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇది లేకుండా హూజుమ్ తిరిగి వెళ్ళకూడదని అప్పుడే నిశ్చయించుకుంది.

మూడో పీపా అన్నిటికన్నా పెద్దది. దాని మీద 'అమోఘం', 'దైవం', 'మాటల్లేవు' అని రాసి ఉంది. ఇన్సా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ, ఇంకోసారి మళ్ళీ వాసన చూసింది. నిజం చెబితే మెట్ల దారే. తేనె అని ఒక్క మాట అనేస్తే రెండో పీపా తనదవుతుంది. అనడానికి మనసు రాలేదు.

"తడిసిన కుక్క," అంది చివరికి. "మా మామయ్య కుక్క సముద్రంలో ఈదొచ్చి పొయ్యి పక్కన పడుకునేది. క్షమించండి, అచ్చం అదే."

టీలెన్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "బాగా చూసే చెబుతున్నావా?"

"మూడుసార్లు చూశానండీ."

ఆయన పీపా మీది రాతలన్నీ చొక్కా చేతితో తుడిచేసి, అడ్డంగా ఒక పెద్ద గీత గీశాడు. పని చెడిందనుకుని ఇన్సా మెట్లవైపు నడిచింది.

"అటు కాదు. వంటింట్లోకి," అన్నాడు.

వంటింట్లో ఓవెన్‌కి వీపు ఆనించి కూర్చుని, రెండో పీపాలోంచి ఎన్ని సీసాలు కావాలని అడిగాడు. ఓవెన్‌లో ఉల్లిపాయ రొట్టె పెట్టాను, తినిపొమ్మన్నాడు. ఇన్సాకి అంతా అయోమయంగా ఉంది.

"మీ వైన్‌ని కుక్కన్నాను కదండీ, నాకెందుకిస్తున్నారు?"

ఆయన నవ్వి, ఇంకెవరెవరి తోటలు చూశావని అడుగుతూ కూర్చున్నాడు. ఆమె మర్యాదకి కాసేపు ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేకపోయింది.

"టీలెన్ గారూ, మాడుతోందండీ."

"ఏది?"

ఇన్సా లేచి, ఆయన్ని పక్కకి జరిపి, ఓవెన్ తలుపు తీసింది. గుప్పున పొగ వచ్చింది. రొట్టె బొగ్గైపోయింది. ఆమె రొట్టె వంకా ముసలాయన ముక్కు వంకా మార్చి మార్చి చూసింది.

"ఆ కలోన్ ఆయన గొడవలో రొట్టెకి అలారం పెట్టడం మరిచాను," అన్నాడు ఆయన మెల్లగా. "నాకు వాసనలు తెలియకుండా పోయి మూడేళ్ళయిందమ్మా. అందరూ అమోఘమన్నారని నమ్మి, ఆ తడికుక్కనే రేపు సీసాల్లో నింపేద్దామనుకున్నాను."