మొదటి ముక్క

"కొడతాడా?" అంది మోజెల్ పెద్దమ్మ.

"లేదు."

"తాగుతాడా?"

"చర్చిలో ఇచ్చే ద్రాక్షరసం కూడా సగమే తాగుతాడు."

"ఇంకెవతైనా ఉందా?"

"ఆర్విల్‌కా?" వెస్టాకి నవ్వు ఆగలేదు.

మోజెల్ పెద్దమ్మ నవ్వలేదు. కెంటకీ కొండల్లో ఆ లోయ మొత్తానికి ఆవిడ పెద్దమ్మే. పురుళ్ళు పోసేదీ, పులిపిర్లు రాల్చేదీ, కాపురాలు చక్కబెట్టేదీ ఆవిడే. జబ్బేమిటో తేలకుండా మందు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు.

"మొగుడు బుద్ధిమంతుడైతే మరేమిటే నీ బాధ?"

వెస్టా గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ప్రేమ లేదు పెద్దమ్మా. పెళ్ళయి నాలుగేళ్ళయింది. ఇవాళ పుడుతుందేమో, రేపు పుడుతుందేమో అని చూస్తూనే ఉన్నాను. ఇంక నా వల్ల కాదు. సిన్సినాటిలో మా అక్క వచ్చెయ్యమంటోంది. నీ మందు కూడా పనిచెయ్యకపోతే ఆదివారం బస్సెక్కేస్తాను."

"ఇంట్లో ఎలా ఉంటాడేమిటి?"

"బాగానే ఉంటాడు. నాకంటే ముందే లేచి పొయ్యి రాజేస్తాడు. చలికాలం నా బూట్లు పొయ్యి పక్కన పెట్టి వెచ్చబెడతాడు. అడక్కుండానే నీళ్ళు తోడి పెడతాడు."

"అమ్మో, బాగా ముదిరింది," అంది పెద్దమ్మ. "తిట్టేవాణ్ణి దారికి తేవచ్చు. పైకి అన్నీ చేస్తూ లోపల రాయిలా ఉంటాడు చూడు, వాడితోనే చావు. దీనికి పిండి రొట్టెలో ఆపిల్ ముక్కలు కూరి కాల్చే 'ఆపిల్ పై' తప్ప వేరే మందు లేదు."

వెస్టా ఏదో చెప్పబోయింది. పెద్దమ్మ వినిపించుకోలేదు.

"ఆపిల్ తొక్క ఒక్కటిగా రావాలి. మధ్యలో తెగిందా, ఆ కాయ పందికి పడెయ్. కలిపేటప్పుడు గరిటె పొద్దు తిరిగే వైపే తిరగాలి. ఎదురు తిప్పావంటే ఉన్నది కాస్తా ఊడుతుంది. పిండితో మూత వేశాక ఆవిరి పోవడానికి గాట్లు పెడతాం కదా, అక్కడ గాట్లకి బదులు ఒక అక్షరం చెక్కాలి."

"ఎవరి పేరులోది?"

"ప్రేమ ఎవరి మీద పుట్టాలో వాళ్ళ అక్షరం చెక్కాలి. ఎవరి మనసులో పుట్టాలో వాళ్ళు తినాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మా చెల్లెలు లూరీన్ తొందరపడి మొగుడి అక్షరమే చెక్కి, మొగుడికే పెట్టింది. ఆ రోజు నుంచి వాడు అద్దం ముందు నుంచి కదల్లేదు."

"అయ్యో. తర్వాత?"

"తర్వాతేముంది? మీసం పెంచాడు."

వెస్టా తల ఊపింది.

"మహత్తంతా మొదటి ముక్కలోనే ఉంటుంది," అంది పెద్దమ్మ. "మిగతాది ఉత్త తిండి. పొయ్యిలోంచి తీసిన వేడి మీదే తినాలి. ఊదకూడదు. నోరు కాలితే కాలనీ."

శనివారం పొద్దున్నే ఆర్విల్ కలప మిల్లుకి వెళ్ళగానే వెస్టా పని మొదలుపెట్టింది. మొదటి మూడు కాయల తొక్కలూ తెగాయి. పందికి ఆ పూట పండగే. నాలుగో కాయ నుంచి చెయ్యి కుదిరింది. దాల్చినచెక్క, జాజికాయ, చక్కెర వేసి పొద్దు తిరిగే వైపే కలిపింది. కలుపుతున్నంతసేపూ పెదవులు కదుపుతూనే ఉంది. ఏమంటోందో ఆపిల్ ముక్కలకే తెలియాలి.

మూత మీద అక్షరం చెక్కేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఆగింది. మంచం కింద సంచీ సర్ది ఉంది. ఆర్విల్ మొహంలోకి చూసి వెళ్తున్నానని ఎలా చెప్పాలో ఆమెకి తెలియదు. చెప్పాల్సిన అవసరం రాకూడదని మనసులో వెయ్యి దణ్ణాలు పెట్టుకుని, ఒక అక్షరం చెక్కి, పొయ్యిలో పెట్టింది.

మధ్యాహ్నం ఆర్విల్ వచ్చాడు. జుట్టు నిండా రంపపు పొట్టు. గుమ్మంలోనే ఆగి వాసన పీల్చాడు.

"మా అమ్మ గానీ వస్తోందా?"

"లేదు."

"మరి నేనేం తప్పు చేశాను?"

"ఏం చెయ్యలేదు. చేతులు కడుక్కుని కూర్చో."

కూర్చున్నాడు. వెస్టా రెండు ప్లేట్లు పెట్టింది. పొయ్యిలోంచి తీసిన 'ఆపిల్ పై' బల్ల మీద ఇంకా బుసబుసమంటోంది. ఆర్విల్ దాని మీదికి వంగాడు.

"ఇది 'ఏ' కదూ?"

"'ఏ' నే."

"అంటే నా పేరులో మొదటి అక్షరమేనా?"

"నీ పేరే."

ఆర్విల్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇన్నాళ్ళూ నా పేరు గొడ్డలి పిడి మీద తప్ప ఇంకెక్కడా లేదు. అది కూడా నేనే చెక్కుకున్నాను," అన్నాడు.

వెస్టాకి అతన్ని చూస్తే జాలేసింది. ఆ జాలి చాలదనే ఆమె ఏడుపంతా.

"కాస్త చల్లారనిద్దామా?" అన్నాడు.

"వద్దు."

ఆర్విల్ సంబరంగా ప్లేటు ముందుకు జరిపాడు.

వెస్టా మొదటి ముక్క కోసి, అతని ప్లేటు దాటించి తన ప్లేటులో వేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు కాలుతున్నా ఊదకుండా మొత్తం తనే తినేసింది.