ఏడాది లెక్క

“గంటగంటకీ లెక్క నాకొద్దు. ఏడాది మొత్తం మీద తేల్చి మార్కు వెయ్యి,” అన్నాడు హోటల్ యజమాని, కాలు మీద కాలు వేసుకుని.

ఎదురుగా నిలబడిన ఇంజనీరుని కూర్చోమనలేదు. కప్పు మీది సోలార్ పలకలతో పుట్టే కరెంటుతో ఒక భవనం తన అవసరం ఎంతవరకు తీర్చుకుంటుందో కొలిచి మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. ఒకప్పుడు ఆయన దగ్గరే పనిచేసింది. ఈ హోటల్ ప్లానులో బ్యాటరీల గది ఉండి తీరాలని పట్టుబట్టినందుకు, అందరి ముందూ ఆమె చేత రాజీనామా రాయించాడాయన. ఆ గది ఉండాల్సిన చోట ఇప్పుడు డాన్సు హాలుంది.

అయినా ఓపిగ్గా చెప్పి చూసింది. మధ్యాహ్నం గదులు ఖాళీ, ఎండ నిండుగా ఉంటుంది. పుట్టిన కరెంటులో సగానికి పైగా బయటి లైనులోకి పోతుంది. పొద్దు గుంకగానే లిఫ్టులు, ఏసీలు, వంటిల్లు, దీపాలు అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. అప్పుడు కప్పు మీద చుక్క కరెంటు పుట్టదు. అంతా బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే.

“పగలు ఇచ్చాం, రాత్రి పుచ్చుకున్నాం. చెల్లుకు చెల్లు,” అన్నాడాయన.

“పగలు పారబోసిన నీళ్లు రాత్రి దాహం తీరుస్తాయా సార్?”

“నీ నోరింకా తగ్గలేదమ్మాయ్. నాకు నూటికి నూరు కావాలి. లేదంటే మీ పైవాళ్లతో మాట్లాడతాను. ఈసారి రాజీనామాతో పోదు, ఇంకెక్కడా పని దొరకదు నీకు.”

 ఆమె అరమార్కు కూడా వేయకుండా ఆయన మొహం మాడిపోవడం చూడాలనే వచ్చిందసలు. కానీ గంట లెక్క, ఏడాది లెక్క రెండిట్లో ఏది కావాలో కోరుకునే హక్కు యజమానిదే. కిటికీలోంచి రోడ్డవతలి కాన్పుల ఆసుపత్రి వైపు చూసింది.

“సరే సార్, మీరడిగిన లెక్కే. తర్వాత మాట మార్చరుగా?”

“నేనా?” అని నవ్వాడు.

నూటికి నూరు వేసేసింది. దారికొచ్చిందని ఆయన మేనేజరుతో ఆమె వినేలానే అన్నాడు. పాత సహోద్యోగులు ఆమె మొహంలోకి చూడలేక తలలు వంచుకున్నారు.

సాయంత్రం హోటల్ ప్రారంభం. గదులన్నీ అతిథులతో నిండిపోయాయి. ఆయన ఆమెను వేదిక మీదికి పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. బ్యాటరీలు బ్యాటరీలని తన ప్రాణం తోడేసిన పిల్ల ఇవాళ తన చేత్తోనే నూటికి నూరు వేసిందని మైకులో చెప్పాడు. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

“ఈ హోటల్‌కి బయటి కరెంటు చుక్క కూడా అక్కర్లేదు,” అని ముగించాడు. ముందు వరసలో కూర్చున్న కరెంటాఫీసు పెద్ద లేచి చప్పట్లు కొట్టి, ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు.

అద్దాల గోడ వెనక సూర్యుడు దిగిపోయాడు. ఆమె యజమాని చెవి దగ్గరికి వంగింది.

“నూటికి నూరొచ్చిన వాళ్ల బయటి లైను తీసి, కరెంటు చాలనివాళ్లకివ్వాలని కొత్త రూలు సార్, మీ లైను కోసం ఎదురుగా ఉన్న కాన్పుల ఆసుపత్రి పేరు నేనే చెప్పాను, లైన్‌మెన్ కింద మెయిన్ స్విచ్ దగ్గరున్నారు.”