పాత అతుకు

"ఈసారి గట్టి యాక్సిల్ ఎయ్యప్పా. ఎంత రాయి ఎత్తినా ఇరగగూడదు," అన్నాడు పికప్ ఓనరు మద్దిలేటి, నంద్యాల షెడ్డు మెకానిక్‌తో.

పికప్ కింద పడుకున్న మనిషి విరిగిన వెనక యాక్సిల్‌ను బయటికి ఈడ్చి లేచాడు. దానియేలు! ఆళ్లగడ్డ నుంచి రాతి విగ్రహాలు తెస్తుంటే శిరివెళ్ల దగ్గర బండి బోల్తా పడినప్పుడు, నలుగురి ముందూ చెంప మీద కొట్టి మద్దిలేటి పనిలోంచి తీసేసిన డ్రైవరు. ఆ రోజు నుంచి ఈ పికప్ కదలనేలేదు.

"ఏందీ, నువ్వు ఈడ పన్జేస్తాండావా?"

"స్టీరింగు ఎవరిస్తారన్నా? నిద్రపోయి బండి పడేసినానని ఊరంతా చెప్తివి గదా."

దానియేలు మసిగుడ్డతో యాక్సిల్ తుడిచాడు. గ్రీసు పోయి పాత వెల్డింగు అతుకు కనబడింది. సరిగ్గా అక్కడే విరిగింది.

"ఇదెప్పుడు అతికించినారన్నా? నాకు తెలీదే!"

మద్దిలేటికి తెలుసు. దానియేలు పనిలో చేరకముందు, కొత్తది దండగని తానే అతుకు వేయించాడు. ఎవరికీ చెప్పలేదు.

"ఏమో... నేను కొన్నప్పుడే ఉన్నట్టుంది," అన్నాడు.

"అట్లనా! అయితే పాపం, నీక్కూడా తెలీదు."

దానియేలు మొహం తేటపడింది. ముక్కను గోనెపట్టాలో చుట్టుకుంటూ అడిగాడు.

"దీన్ని నాకిస్తావా అన్నా? మా నాయనకు చూపించి తెచ్చిస్తా."

"ఎందుకురా?"

"నేను నిద్రపోలేదంటే నాయన నమ్మల్యా. మద్దిలేటి అబద్ధమాడే మనిషి గాదంటాడు."