తప్పంతా లారీదే

“స్టీరింగ్ మళ్లీ లూజుగానే ఉందిరా ధర్మా! మలుపులో బండి లోయకేసి లాగీసింది. మొన్న నువ్వు ఏటి సేసినట్టు?”

పాడేరు షెడ్డులో లారీ ఆపుతూనే సర్వేశ్వరరావు మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు. పక్క సీటులో అతని భార్య సత్యకుమారి పట్టుకున్న కడ్డీని ఇంకా వదల్లేదు.

ధర్మ విసుక్కోలేదు. “రాడ్డు ఎండ్లు కొత్తవే అన్నా. బాక్సు కూడా బిగించీసాను. స్టీరింగ్ పట్టుకో, ఇంకోపాలి సూత్తాను” అని లారీ కిందకు దూరాడు. స్టీరింగ్ బాక్సులోకి దిగే రాడ్డు మీద అరచెయ్యి వేశాడు.

“కదపకన్నా. ఊరికే పట్టుకో.”

“కదపట్లేదురా!”

“కదుల్తంది.”

“అదే కదా నేను మొత్తుకునేది!”

ధర్మ రాడ్డు మీంచి చెయ్యి తీశాడు. “నువ్వెళ్లి టీ తాగిరా. వదినా, నువ్వు పట్టుకో ఓపాలి.”

“మీ వదినకేటి తెలుసురా? గరిటె అనుకుని తిప్పీగల్దు” అని నవ్వుతూ దిగి వెళ్లాడు సర్వేశ్వరరావు.

ఆమె అటు జరిగి పట్టుకుంది. ధర్మ మళ్లీ రాడ్డు మీద అరచెయ్యి వేశాడు. చివరికి ధర్మ బయటికి వచ్చాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

“నువ్వు పట్టుకుంటే రాడ్డు రాయిలాగ కదల్లేదు వదినా. బండికి ఏ రోగమూ నేదు.”

సత్యకుమారి రోడ్డు అవతలికి చూసింది. టీ బడ్డీ దగ్గర సర్వేశ్వరరావు గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా టీ ఒలికి చొక్కా తడిసింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, గబగబా తుడిచేసుకున్నాడు.

“ఆయనకి సెప్పకు తమ్ముడూ.” ఆమె లారీ దిగి దగ్గరికొచ్చింది. “సేతులు పోనాయంటే ఆ మనిషి బతకడు. స్టీరింగే పోయింది, సామాను దొరకదు, పాత ఇనుము కింద అమ్మీడమే అని సెప్పు.”

“మరి మీ తిండికో?”

“బడ్డీ పెట్టుకుంటాను. మనిషి లోయలో పడకుండా ఉంటే సాలు. నీకు దండం పెడతాను.”

సర్వేశ్వరరావు తిరిగొచ్చాడు. “ఏటి తేలింది?”

ధర్మ టైరు వైపు చూస్తూ చెప్పాడు. “నువ్వన్నదే నిజం అన్నా. స్టీరింగ్ పూర్తిగా పోనాది. సామాను దొరకదు. అమ్మీడమే.”

సర్వేశ్వరరావు లారీ తలుపును చాలాసేపు నిమిరాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, గుండెల మీద బరువు దిగినట్టు నవ్వాడు.

“పోతే పోనీలే సత్యా. నా సేతులకే ఏదో అయిపోనాదని ఇన్నాళ్లూ హడలిపోయాను. మనూరి శివప్రసాద్ తన జీపు తోలమంటే అందుకే ఒప్పుకోలేదు. రేపట్నించి ఆ జీపులో బడిపిల్లల్ని ఘాట్ రోడ్డు నేనే దాటిస్తాను!”