మూడోసారి పడితే

కొలతలాయన స్నానాలగది గుమ్మం దగ్గర బోర్లా పడుకుని టేపు పట్టి చూస్తున్నాడు.

“గడప ఎత్తు లేదు. నేల జారుడు లేదు. కడ్డీ చేతికందేట్టే ఉంది,” అన్నాడు లేచి మోకాళ్లు దులుపుకుంటూ. “మరి ఎలా పడ్డారమ్మా?”

“పడేటప్పుడు టేపు పట్టుకుని లేను నాయనా,” అంది మంచం మీద కూర్చున్న పెద్దకోడలు.

ఆ వృద్ధాశ్రమంలో భద్రత చూసే ఉద్యోగం ఆయనది. మెట్టు ఎత్తు, మంచం ఎత్తు, కుళాయి నీళ్ల వేడి, ఏదీ వదలడు. అందుకే ఆ పేరు. పెద్దకోడలికి ఎనభై దాటాయి. ఆ వయసులో ఇంకా కోడలేమిటంటే, ఆవిడ తోటికోడలు కూడా అక్కడే ఉంది. గుర్తుకి ఆయాలు ఒకరిని పెద్దకోడలనీ ఒకరిని చిన్నకోడలనీ అంటారు. ఇంటి పంపకాల్లో కుట్టుమిషను దగ్గర మొదలైంది వాళ్ల తగువు. మిషను ఎప్పుడో తుక్కులోకి పోయింది గాని తగువు పోలేదు. ఎవరు ముందు పలకరిస్తే వాళ్లు ఓడినట్టే. ఇద్దరి పిల్లలూ ఎవరికి వారే ఊరంతా గాలించి, మంచి చోటని తల్లిని తెచ్చి ఇక్కడ చేర్చారు. మంచి చోటు ఒక్కటే ఉంటే ఏం చేస్తారు పాపం.

ఈమధ్య చిన్నకోడలు తుంటి విరిగి, కింది అంతస్తులో సరిగ్గా ఈ గది కిందకి చేరింది. కొద్ది రోజులకే పెద్దకోడలు మొదటిసారి పడింది. ఆ ఇంటి కోడళ్ల కాళ్లకి ఏదో దిష్టి తగిలిందనుకున్నారు ఆయాలు.

“ఇది రెండోసారి పిన్నిగారూ,” అంది మేనేజరమ్మ. “మూడోసారి పడితే కిందికి మార్చాలి. రూలు. కింద ఖాళీగా ఉన్నది ఒక్కటే మంచం.”

“ఎవరి పక్కన?”

“మీకు తెలుసు.”

“దాని పక్కనా? దానికంటే వరండాలో చాప వెయ్యి, పడుకుంటాను.”

“వరండాలో పడకలు వెయ్యకూడదు. అదీ రూలే.”

“ఈ కిటికీ, ఈ వెలుతురు వదిలేసి దాని మొహం చూస్తూ కూర్చోనా?” పెద్దకోడలు కొలతలాయన వైపు తిరిగింది. “విన్నావుగా నాయనా. నేను పడకుండా చూసే పూచీ నీది.”

ఆయన ఆ మాట మనసుకి పట్టించుకున్నాడు. గదంతా మళ్లీ చూశాడు.

“పడ్డప్పుడు కళ్లజోడు ఎక్కడుంది?”

“అల్మరాలో,” అంది ఆయా. “మొదటిసారీ అంతే. మడిచి, పెట్టెలో పెట్టి ఉంది.”

కొలతలాయన మొహం విప్పారింది. “అదీ సంగతి. కళ్లజోడు లేకుండా నడుస్తున్నారు.”

“నిజమే సుమా,” అంది పెద్దకోడలు. “నాకు తట్టనే లేదు.”

కళ్లజోడుకి తాడు కట్టి మెడలో వేయించాడు. జారని చెప్పులు తెప్పించాడు. ఎందుకైనా మంచిదని మంచం పక్కన నేల మీద మెత్తటి పరుపు పరిపించి, పిలుపు గంట తాడు అక్కడిదాకా సాగదీయించాడు.

పెద్దకోడలు పరుపుని కాలితో నొక్కి చూసింది. “దీని మీద పడితే దెబ్బ తగలదంటావా?”

“అస్సలు తగలదు.”

“నమ్మకమేనా?”

“నేను పడి చూశానమ్మా.”

“సరే అయితే,” అందావిడ.

మర్నాడు ఆయా పక్క సర్దుతుంటే పెద్దకోడలు సణుగుడు మొదలుపెట్టింది. “కింద దాని దగ్గుతో నాకు కునుకు లేదు. మందివ్వడం లేదా ఏం?”

“ఇస్తున్నాం. మింగితేగా. చేదంటుంది, నోరు బిగించేస్తుంది. డాక్టరు చెప్పినా వినదు.”

“తేనె కలపందే ఏనాడు మింగింది గనక.” పెద్దకోడలు గోడవైపు తిరిగింది. “నాకెందుకులే. వినబడకుండా తలుపేసుకోమను.”

ఆ తర్వాతి పొద్దున కిందనుంచి చప్పుడు లేదు.

“దగ్గు వినబడదేం?” అంది పెద్దకోడలు.

“తలుపేశాం. మీరే అన్నారుగా.”

“ఊఁ,” అంది. రొట్టె ముట్టుకోలేదు. మధ్యాహ్నం భోజనమూ అలాగే ఉంచింది. పళ్లెం తీసుకుని ఆయా వరండా చివరిదాకా వెళ్లిందో లేదో, గంట మోగింది.

పెద్దకోడలు కొత్త పరుపు మీద వెల్లకిలా పడి ఉంది. చీర కుచ్చిళ్లు చెదరలేదు. చేతిలో గంట తాడు. కళ్లజోడు దిండు మీద ఉంది, చుట్టూ దాని తాడు పొందిగ్గా చుట్టి ఉంది.

కొలతలాయన పరిగెత్తుకొచ్చాడు. దెబ్బలేం లేవని తేలాక కూడా పరుపు అంచులు మళ్లీ కొలిచాడు.

“అన్నీ సరిగ్గానే పెట్టానమ్మా.”

“నీ తప్పేం లేదు నాయనా. నువ్వు చెయ్యాల్సింది చేశావు. నా రాత.”

ఆవిడని చక్రాల కుర్చీలో కిందికి తీసుకెళ్లారు. మేనేజరమ్మ రెండు మంచాల మధ్యా తెర వేయించింది. గిన్నెలూ గ్లాసులూ దూరంగా పెట్టించింది. ఏదైనా విసురుకుంటే పరుగున రావాలని ఆయాని తలుపు బయట నిలబెట్టింది.

అందరూ బయటికి వెళ్లాక తెర కాస్త కదిలింది. అవతలనుంచి ఓ సన్నటి చెయ్యి దాన్ని పక్కకి లాగింది.

“ఇన్నాళ్లు పట్టిందేం అక్కా?” అంది చిన్నకోడలు.

పెద్దకోడలు రొంటినుంచి పొద్దున రొట్టెతో ఇచ్చిన తేనె పొట్లం తీసింది. చెంచాలో మందు పోసి, పొట్లం చింపి అందులోకి తేనె పిండి, వేలితో కలిపింది.

“మూడుసార్లు పడాలిగా మరి.”